ఇ. కోలై గాజు దగ్గర గుండ్రంగా తిరుగుతోంది, వేగం 8 మైక్రాన్లు దాటడం లేదు: తప్పు కల్చర్‌దా, కొలతదా?

మల్లేశ్వరం_ఎమ్మెస్సీ:

నమస్కారం అండి. బెంగళూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు. ఇ. కోలై ఈత వేగం కొలవాలి, తర్వాత నీటిని అంచెలంచెలుగా చిక్కబరుస్తూ ఆ వేగం ఎలా మారుతుందో గ్రాఫ్ గీయాలి.

ఇప్పుడు వాడుతున్న పద్ధతి ఇది. ఎంజి1655 రకాన్ని ఎల్‌బీ బ్రాత్‌లో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచి, పొద్దున్న సెంట్రిఫ్యూజ్‌లో 8000 ఆర్‌పీఎం మీద 5 నిమిషాలు తిప్పుతున్నాం. అడుగున చేరిన ముద్దను ఫాస్ఫేట్ బఫర్‌లో వేసి వోర్టెక్స్ మీద కలుపుతున్నాం. డిస్టిల్డ్ వాటర్ లేని రోజు బఫర్‌కు బోరు నీళ్లే. స్లైడు మీద 10 మైక్రోలీటర్ల చుక్క, పైన 22 మి.మీ. చదరపు కవర్‌స్లిప్. మామూలు నిటారు మైక్రోస్కోపు, 40 ఎక్స్ ఫేజ్ కాంట్రాస్ట్, కెమెరా సెకనుకు 100 ఫ్రేములు.

సగానికి పైగా బ్యాక్టీరియా ఉన్నచోటే వణుకుతున్నాయి. ఈదేవాటి దారిని చేత్తో గీసి కొలిస్తే సెకనుకు 8 మైక్రాన్లు వస్తోంది. పుస్తకాల్లో 20 నుంచి 30 అని ఉంది. ట్రాక్‌మేట్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే కదలని వాటికి కూడా 15 చూపిస్తోంది! ఇంకో చిక్కు: చాలావరకు గుండ్రంగా తిరుగుతున్నాయి, కొన్ని సవ్యదిశలో, కొన్ని అపసవ్యదిశలో. ఒకే కల్చర్‌లో రెండు దిశలు ఎలా సాధ్యం? చిక్కబరచడానికి మిథైల్ సెల్యులోజ్ తెచ్చి పెట్టుకున్నాం, అది సరిపోతుందా?

అడయార్_జీవరసాయనం:

ముందు కల్చర్ సంగతి తేల్చుకుందాం. కశాభాలు (ఈతకు తిప్పే దారాల్లాంటి తోకలు) లేని బ్యాక్టీరియాలో ఎంత ఫిజిక్స్ వెతికినా దొరికేది బ్రౌనియన్ చలనమే, అంటే నీటి అణువుల తాకిడికి వణకడమే. మీ పద్ధతిలో కశాభాలు కొన్ని అసలు పుట్టడం లేదు, పుట్టినవి తెగిపోతున్నాయి.

పుట్టకపోవడానికి కారణం వేడి, ఆలస్యం. ఇ. కోలై 37 డిగ్రీల దగ్గర వేగంగా పెరుగుతుంది కానీ కశాభాలు 30 దగ్గర ఎక్కువ కడుతుంది. రాత్రంతా ఉంచితే తిండి అయిపోయి పెరుగుదల ఆగిన దశకు చేరుతుంది, అప్పుడు ఈదేవి తగ్గిపోతాయి. అందుకని రాత్రి కల్చర్‌ను విత్తనంగా మాత్రమే వాడండి. పొద్దున్న దాన్ని ట్రిప్టోన్ బ్రాత్‌లో (1 శాతం ట్రిప్టోన్, 0.5 శాతం ఉప్పు) 1:100 కలిపి, 30 డిగ్రీల దగ్గర, 200 ఆర్‌పీఎం షేకర్ మీద నాలుగు గంటలు పెంచండి. 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (కల్చర్ ఎంత మసకగా ఉందో చెప్పే అంకె) 0.4, 0.5 మధ్య ఉండగా తీసేయాలి. బ్రాత్‌లో గ్లూకోజ్ వేయొద్దు. గ్లూకోజ్ ఉంటే కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు తగ్గి కశాభాల జన్యువులు మూగబోతాయి. ఫ్లాస్కులో ఐదో వంతుకు మించి బ్రాత్ పోయకండి, గాలి అందదు. మధ్యలో కరెంట్ పోయి షేకర్ ఆగిపోతే ఆ రోజు కల్చర్ పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది.

తెగిపోవడం సెంట్రిఫ్యూజ్‌లో, వోర్టెక్స్ మీద. కశాభం మందం 20 నానోమీటర్లు, పొడవు 10 మైక్రాన్ల దాకా. అంటే 2 సెంటీమీటర్ల మందం, 10 మీటర్ల పొడవు ఉన్న మోకు లాంటిది. రోటార్ వ్యాసార్ధం 8 సెం.మీ. అనుకుంటే 8000 ఆర్‌పీఎం అంటే గురుత్వానికి 5,700 రెట్లు. ముద్ద గట్టిపడుతుంది, దాన్ని వోర్టెక్స్‌తో విడదీస్తే మోకులు పుటుక్కున తెగుతాయి. అదే రోటార్‌లో 4000 ఆర్‌పీఎం అంటే 1,430 రెట్లు, అది చాలు, 8 నిమిషాలు తిప్పండి. పై నీరు తీసేసి, బఫర్ గోడ వెంట మెల్లగా జారవిడిచి, ట్యూబును పడుకోబెట్టి చేత్తో ఊయల ఊపినట్టు ఊపండి. పిపెట్‌తో పైకీ కిందకీ లాగాల్సి వస్తే టిప్పు కొన కత్తిరించి వెడల్పు చేసుకోండి. తెగిన కశాభం మళ్లీ పెరగాలంటే తిండీ టైమూ కావాలి. కడిగిన బఫర్‌లో రెండూ ఉండవు.

బఫర్: పీహెచ్ 7 పొటాషియం ఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్, సోడియం క్లోరైడ్ 67, సోడియం లాక్టేట్ 10, ఈడీటీఏ 0.1 మిల్లీమోలార్, మెథియోనైన్ 1 మైక్రోమోలార్. లాక్టేట్ ఇంధనం. మెథియోనైన్ లేకపోతే కొంతసేపటికి బ్యాక్టీరియా దిక్కు మార్చుకునే పల్టీ కొట్టడం మానేసి సాగిపోతూనే ఉంటుంది, పరుగు పొడవు కొలతలు చెడిపోతాయి. ఈడీటీఏ రాగి లాంటి లోహాల జాడలను పట్టేయడానికి. బోరు నీళ్లతో గొడవ ఇక్కడే. లీటరుకు 300 మి.గ్రా. కాఠిన్యం ఉన్న నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కలిపి 3 మిల్లీమోలార్. మీరు వేసే ఈడీటీఏ దానిలో ముప్పయ్యో వంతు. చాలావరకు కాఠిన్యంతోనే పెనవేసుకుపోతుంది. రాగి దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కనుక లాక్కోగలదు, కానీ నీళ్లలో ఏముందో తెలియని బఫర్‌ను నమ్మలేం. డిస్టిల్డ్ వాటర్ లేని రోజు ప్రయోగం వద్దు.

రకం విషయంలో ఒక హెచ్చరిక. ఎంజి1655 అని రాసి ఉన్న ట్యూబులన్నీ ఒకేలా ఈదవు. కశాభాల తయారీని మొదలుపెట్టే జన్యువుకు ముందు ఒక చొప్పింపు డీఎన్‌ఏ ముక్క చేరిన వంశాలు బాగా ఈదుతాయి, అది లేనివి మందకొడి. తేల్చుకోవడానికి 0.25 శాతం అగార్‌తో మెత్తటి పళ్లెం పోసి, మధ్యలో సూదితో గుచ్చి, 30 డిగ్రీల దగ్గర ఉంచండి. ఎనిమిది, పది గంటల్లో ఉంగరంలా విస్తరిస్తే మంచి రకం. వెలుపలి అంచు నుంచి ఒక్కసారి ఏరి గ్లిజరాల్‌లో మైనస్ 80 దగ్గర దాచేయండి. పదేపదే అంచు నుంచి ఏరితే మ్యూటెంట్లను ఎంపిక చేసినట్టవుతుంది.

వీటన్నిటి కంటే ముందు: కడగని కల్చర్ నుంచి ఒక చుక్క తీసి చూడండి. అందులో ఈదుతూ, కడిగాక ఈదకపోతే నేరం సెంట్రిఫ్యూజ్‌దే. అందులోనూ ఈదకపోతే పెంపకానిదో రకానిదో.

స్నిగ్ధత_యలహంక:

అడయార్ గారు చెప్పినవన్నీ చేయండి. గుండ్రాల సంగతి నేను చెబుతాను.

ఒక చిన్న లెక్క. 10 మైక్రోలీటర్లంటే 10 ఘన మి.మీ. దాన్ని 22 గుణించు 22, అంటే 484 చదరపు మి.మీ. మీద పరిస్తే పొర మందం 0.02 మి.మీ., 20 మైక్రాన్లు. అంటే మీ చుక్కలో ఏ బ్యాక్టీరియా అయినా ఏదో ఒక గాజుకు 10 మైక్రాన్ల లోపే ఉంది. మీరు చూస్తున్నది నీళ్లలో ఈత కాదు, గోడ పక్కన ఈత. రెండు వైపులా అంటుకునే టేపు రెండు ముక్కలు స్లైడు మీద సమాంతరంగా అంటించి, మధ్యలో కాలువ వదిలి, పైన కవర్‌స్లిప్ పెట్టండి. టేపు మందం దాదాపు 100 మైక్రాన్లు ఉంటుంది. రెండు పొరలు వేస్తే 200. కాలువ నిండాక అంచులు వాసెలిన్, లానొలిన్, పారఫిన్ సమపాళ్లలో కరిగించిన మైనంతో మూసేయండి. మూయకపోతే ఒక అంచున నీరు ఆవిరై, లోపల ప్రవాహం పుట్టి, చచ్చినవి కూడా ఒకే దిక్కుకు తేలిపోతాయి. గాజుకు అతుక్కోకుండా బఫర్‌లో 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ప్రొటీన్) కలపండి. ఫోకస్ సరిగ్గా మధ్య లోతులో పెట్టాలి, ఏ గాజుకైనా 20 మైక్రాన్ల దూరం తగ్గకూడదు.

ఇప్పుడు గుండ్రం ఎందుకో. ఒక మైక్రాన్ సైజు, సెకనుకు 30 మైక్రాన్ల వేగం, నీటి స్నిగ్ధత (చిక్కదనం) తీసుకుంటే రేనాల్డ్స్ సంఖ్య, అంటే జడత్వ బలానికీ స్నిగ్ధత బలానికీ నిష్పత్తి, 0.00003. జడత్వానికి అక్కడ మాట చెల్లదు. మోటార్ ఆగిందంటే బ్యాక్టీరియా మైక్రోసెకను లోపే ఆగిపోతుంది. ఆగేలోపు జారే దూరం అణువు వ్యాసం కంటే తక్కువ, ఆంగ్‌స్ట్రామ్‌లో పదో వంతు అని భౌతిక శాస్త్రవేత్త పర్సెల్ 1976 ప్రసంగంలో లెక్కగట్టాడు. ఈ లోకంలో ప్రతి క్షణం మొత్తం బలం సున్నా, మొత్తం టార్క్ (తిప్పే బలం) కూడా సున్నా. రెండోది ముఖ్యం. వెనక కశాభాల కట్ట ఒకవైపు తిరిగితే ఒళ్లు రెండోవైపు తిరిగి తీరాలి. ఇ. కోలైలో కట్ట సెకనుకు 100 చుట్లు తిరిగితే, లావుగా ఉన్న ఒళ్లు సెకనుకు 20 ప్రాంతంలో ఎదురు తిరుగుతుంది.

బ్యాక్టీరియా వెనక నిలబడి ముందుకు చూస్తున్నట్టు ఊహించుకోండి. కింద గాజు నేల. కట్ట అపసవ్యంగా తిరుగుతోంది, అంటే దాని పైభాగం ఎడమకు పోతోంది. నేలకు దగ్గరున్న కింది భాగానికి ఈడ్పు ఎక్కువ కాబట్టి, బండి చక్రం దొర్లినట్టు కట్ట ఎడమకు దొర్లుతుంది. ఒళ్లు ఎదురు తిరుగుతోంది కనుక కుడికి దొర్లుతుంది. తల కుడికి, తోక ఎడమకు. పైనుంచి చూస్తే సవ్యదిశలో గుండ్రం. మీరు కింది స్లైడు మీద ఫోకస్ చేసినప్పుడు కనిపించేది ఇదే. పై కవర్‌స్లిప్ దగ్గర ఇదే బొమ్మను తలకిందులు చేసి, గాజు అవతలి నుంచి చూస్తున్నట్టు. అక్కడ అపసవ్యదిశ. 20 మైక్రాన్ల పొరలో ఫోకస్ గుబ్బ కాస్త కదిలితే చాలు, ఒక గాజు నుంచి రెండో గాజుకు పోతారు. మీ రెండు దిశల రహస్యం అంతే. ఏ గాజు మీద ఏ దిశో విడిగా రాసి చూడండి.

కెమెరాలో అద్దం ఒకటి ఎక్కువుంటే బొమ్మ కుడిఎడమలు మారిపోతుంది, అప్పుడు పై లెక్క మొత్తం తిరగబడుతుంది. పత్రికలో అచ్చైన ఒక అక్షరం కత్తిరించి 4 ఎక్స్ కింద పెట్టి చూడండి. అక్షరం తిరిగి ఉంటే పర్వాలేదు, అద్దంలో చూసినట్టుంటే సాఫ్ట్‌వేర్‌లో తిప్పాలి.

గోడ వేగాన్నీ మారుస్తుంది. అర మైక్రాన్ వ్యాసార్ధం ఉన్న గోళం గాజుకు ఒక మైక్రాన్ ఎత్తున సమాంతరంగా కదిలితే ఈడ్పు 40 శాతం దాకా పెరుగుతుంది. 10 మైక్రాన్ల ఎత్తున ఈ తేడా 3 శాతమే. గాజు మీద కొలిచిన వేగాన్ని, మధ్యలో కొలిచిన వేగాన్ని ఒకే సగటులో కలపకండి.

మల్లేశ్వరం_ఎమ్మెస్సీ:

ఇద్దరికీ కృతజ్ఞతలు అండి. పొర మందం లెక్క మాకు తట్టనే లేదు. రెండు మిగిలాయి. కదలనివాటికి 15 మైక్రాన్లు ఎందుకు వస్తోంది? మిథైల్ సెల్యులోజ్ వాడితే, స్నిగ్ధత రెండింతలైతే వేగం సగమవుతుందని ఆశించవచ్చా?

తరమణి_ట్రాకింగ్:

15 మైక్రాన్లు కెమెరా సృష్టి. కణం మధ్య బిందువును సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేములో కొద్దిగా తప్పుగా గుర్తిస్తుంది. ఆ తప్పు రెండు దిక్కుల్లోనూ 0.08 మైక్రాన్ అనుకుంటే, వరుస ఫ్రేముల మధ్య దొంగ జరుగుడు సగటున 0.14 మైక్రాన్. దాన్ని 100 ఫ్రేములతో గుణిస్తే సెకనుకు 14 మైక్రాన్లు! బ్రౌనియన్ వణుకు దానికి తోడవుతుంది. అందుకే ఫ్రేములు పెంచితే కొలత మెరుగవుతుందనుకోవడం ఇక్కడ పొరపాటు. సెకనుకు 30 చాలు. పల్టీ దాదాపు 0.1 సెకను ఉంటుంది కనుక మూడు ఫ్రేములు పడతాయి. వేగాన్ని పక్కపక్క ఫ్రేముల నుంచి కాకుండా 0.15, 0.2 సెకన్ల ఎడంతో తీయండి. ఫార్మాలిన్‌తో చంపిన నమూనాను అదే సెట్టింగుల్లో నడిపితే మీ పరికరం దొంగ వేగం ఎంతో తెలుస్తుంది. ఆ అంకెను రిపోర్టులో తప్పకుండా వేయండి.

ఈదేదీ వణికేదీ విడదీయడానికి చూపు చాలదు, సరాసరి వర్గ స్థానభ్రంశం (ఇంత సేపట్లో జరిగిన దూరపు వర్గం సగటు) గీయాలి. ఒక మైక్రాన్ వ్యాసం గల గోళానికి విసరణ గుణకం సెకనుకు 0.4 చదరపు మైక్రాన్లు. ఒక సెకనులో అది 1.3 మైక్రాన్ల దూరం తచ్చాడుతుంది. ఈదే ఇ. కోలై అదే సెకనులో 20 దాటుతుంది. సెకను పరుగు, సగటున 68 డిగ్రీల పల్టీ, మళ్లీ పరుగు అని శాస్త్రవేత్తలు బెర్గ్, బ్రౌన్ 1972లో కొలిచారు. ఆ లెక్కన దీర్ఘకాలంలో ఈత విసరణ గుణకం 200 చదరపు మైక్రాన్లు వస్తుంది, వణికేదానికి 500 రెట్లు. గ్రాఫులో రెండు గుంపులు ఇంత దూరంగా పడతాయి కాబట్టి గీత ఎక్కడ గీయాలో సందేహం రాదు.

నమూనా పలచగా ఉండాలి. ఓడీ 0.01 దగ్గర మి.లీ.కు దాదాపు 80 లక్షల కణాలు. 20 ఎక్స్ లెన్సు కింద ఒక ఫ్రేములో పది దాకా కనిపిస్తాయి. దట్టంగా వేస్తే దారులు కలిసిపోవడమే కాదు, మూసిన గదిలో ఆక్సిజన్ అయిపోయి నిమిషాల్లో అన్నీ మందగిస్తాయి. గాలి బుడగ చుట్టూ బ్యాక్టీరియా గుంపు కడితే ఆక్సిజన్ అయిపోతోందని గుర్తు. ఇంకొకటి: మీకు కనిపించేది రెండు కొలతల నీడ. అన్ని దిక్కులా సమంగా ఈదితే నీడ వేగం అసలు వేగంలో 0.79 వంతు. ఫోకస్ నుంచి త్వరగా జారిపోయే దారులు లెక్కలోంచి పడిపోతాయి కాబట్టి ఈ సవరణను గుడ్డిగా వేయొద్దు. ఏది కొలిచారో స్పష్టంగా రాయండి చాలు.

మిథైల్ సెల్యులోజ్ మాత్రం మీ ప్రశ్నకు తగినది కాదు. అది పొడవాటి పాలిమర్, అల్లుకుపోయి ఉంటుంది. కశాభం 20 నానోమీటర్ల దారం, సెకనుకు 100 చుట్లు, దాని ఉపరితలం సెకనుకు 130 మైక్రాన్ల వేగంతో నీటిని కోస్తుంది. దారం దగ్గర కోత రేటు (పక్కపక్క ద్రవపు పొరలు ఒకదానిమీద ఒకటి జారే తీవ్రత) సెకనుకు 10,000 దాటుతుంది. అక్కడ పాలిమర్ సాగి, స్నిగ్ధత పడిపోతుంది. ఒళ్లు దగ్గర కోత రేటు వంద ప్రాంతంలోనే. అంటే ఒకే బ్యాక్టీరియా ముందు ఒక ద్రవాన్ని, వెనక ఇంకో ద్రవాన్ని చూస్తోంది. అందుకే ఇలాంటి ద్రావణాల్లో స్నిగ్ధత పెరిగినా మొదట్లో వేగం తగ్గదు, పెరిగిన సందర్భాలూ నమోదయ్యాయి. విస్కోమీటర్‌లో వచ్చిన ఒక్క అంకెను అడ్డగీత మీద పెట్టి గీస్తే ఆ గ్రాఫుకు అర్థం ఉండదు.

ఫైకాల్ 400 వాడండి. గోళాకారపు చిన్న పాలిమర్, ఈ వేగాల దగ్గర నీటిలాగే మామూలు ద్రవంగా ప్రవర్తిస్తుంది. కొన్న పొడిలో చిన్న అణువులు ఉంటాయి, అవి బ్యాక్టీరియాకు తిండి అయినా కావచ్చు, ద్రవాభిసరణ పీడనం పెంచవచ్చు. బఫర్‌తో డయాలిసిస్ చేశాకే వాడండి. గ్లిజరాల్ వద్దు. స్నిగ్ధత రెండింతలు కావాలంటే పావు వంతుకు దగ్గరగా గ్లిజరాల్ పోయాలి, ఆ ద్రవాభిసరణ దెబ్బకు ఈత దెబ్బతినవచ్చు.

మామూలు ద్రవంలో మీ ఊహ చాలావరకు సరైనదే, కారణం మోటార్‌లో ఉంది. ప్రోటాన్లతో నడిచే ఆ మోటార్ టార్క్ 23 డిగ్రీల దగ్గర సెకనుకు 170 చుట్ల దాకా దాదాపు స్థిరంగా ఉండి, ఆ తర్వాత నిట్టనిలువుగా పడిపోతుంది. నీళ్లలో ఈదే మోటార్ ఆ మెట్ట మీదే ఉంటుంది. టార్క్ స్థిరమైతే వేగం, స్నిగ్ధత లబ్ధం స్థిరం. నిలువు గీత మీద వేగాన్ని కాకుండా ఈ లబ్ధాన్ని గీయండి. అది చదునుగా వస్తే మోటార్ స్థిర టార్క్ మీద ఉందని నేరుగా చూపినట్టే.

యశవంతపుర_ఆప్టిక్స్:

ఒక్క మాట చేరుస్తాను, ఉష్ణోగ్రత గురించి. నీటి స్నిగ్ధత 25 డిగ్రీల దగ్గర 0.89, 30 దగ్గర 0.80 మిల్లీపాస్కల్ సెకన్లు. బెంగళూరులో పొద్దున ల్యాబు 23 ఉంటే, హాలోజన్ దీపం కింద స్లైడు మధ్యాహ్నానికి 28 దాటడం పెద్ద విషయం కాదు. చెన్నైలో ఏసీ ఆగితే 32. అంటే ఫైకాల్ వేయకుండానే స్నిగ్ధత 10 శాతం మారిపోతుంది, పైగా కణం కూడా వేడికి హుషారవుతుంది. హాలోజన్ తీసి ఎల్‌ఈడీ పెట్టండి. సన్నని థర్మోకపుల్ తీగను స్లైడు అంచున అంటించి ప్రతి వీడియోకూ ఉష్ణోగ్రత రాయండి. ఫైకాల్ స్నిగ్ధతను ఆస్ట్‌వాల్డ్ విస్కోమీటర్‌తో కొలిచేటప్పుడు నీటి తొట్టి అదే ఉష్ణోగ్రతలో ఉండాలి. గాఢతలను వరుసగా పెంచుకుంటూ పోకుండా కలగాపులగంగా కొలవండి, మధ్యమధ్య సాదా బఫర్ నమూనా మళ్లీ పెట్టండి. లేకపోతే మధ్యాహ్నానికి కల్చర్ అలసిపోవడం కూడా స్నిగ్ధత ఖాతాలో పడుతుంది.

స్నిగ్ధత_యలహంక:

వైవాలో చూపడానికి ఏదైనా కావాలనుకుంటే, జడత్వం చెల్లని చోట తిరిగే సర్పిలం ఈదగలదు, అటూ ఇటూ ఊగే రెక్క ఈదలేదు అని చూపే బొమ్మలు ఆముదంలో చేయండి. ఆముదం స్నిగ్ధత 25 డిగ్రీల దగ్గర నీటికి 700 రెట్లు పైనే. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ గొట్టంలో రబ్బరు బ్యాండు మెలిపెట్టి, దానికి 1 మి.మీ. రాగి తీగను పెన్సిల్ మీద చుట్టి సాగదీసిన సర్పిలం తగిలించండి. చుట్టుకు చుట్టుకు మధ్య 25, 30 మి.మీ. ఎడం, మూడు నాలుగు చుట్లు. గొట్టంలో సీసపు గుళ్లు వేసి మునగకుండా తేలకుండా సరిచేయండి. ఇంకో గొట్టానికి సర్పిలం బదులు అటూ ఇటూ ఒకే దారిలో ఊగే రెక్క. నెమ్మదిగా ఊగితే రేనాల్డ్స్ సంఖ్య 0.3, బ్యాక్టీరియాకు పది వేల రెట్లు ఎక్కువే, అయినా తేడా తెలుస్తుంది. సర్పిలం సాగిపోతుంది, గొట్టం ఎదురు తిరగడం కూడా కంటికి కనిపిస్తుంది. రెక్కది మాత్రం వెళ్లిన దారినే వెనక్కి వచ్చి అక్కడే ఉంటుంది. గొట్టం సర్పిలం కంటే లావుగా ఉండాలి, లేకపోతే తోక నిలబడి ఒళ్లే గిరగిరా తిరుగుతుంది. గ్లిజరిన్‌తో చేస్తే సీసా మూత తెరిచి ఉంచొద్దు. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, పది శాతం నీరు చేరితే స్నిగ్ధత ఆరో వంతుకు పడిపోతుంది, రెక్క బొమ్మ కూడా మెల్లగా జరగడం మొదలుపెడుతుంది.